గాలి వాటా ఎంత, షూటర్ వాటా ఎంత: 50 మీటర్ల ప్రోన్ రైఫిల్‌లో ఒక కేస్ స్టడీ

తెరచాటు లేని రేంజిలో స్కోరు పడిపోయినప్పుడు షూటర్లు, కోచ్‌లు, తల్లిదండ్రులు అందరూ ముందుగా గాలినే తప్పుపడతారు. చాలాసార్లు అది నిజమే. కానీ గాలి ఉన్న రోజున మాత్రమే కనిపించే తప్పులన్నీ గాలి వల్ల వచ్చినవి కావు. ఆ రెండింటినీ వేరు చేయడానికి మాకు ఎక్కువ కాలం పట్టింది, అది వేరయ్యాక మిగతా పని తేలికైంది. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. షూటర్‌ను గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, క్లబ్బు, పోటీల తేదీలు వదిలేశాను.

నేపథ్యం

ఈ అమ్మాయి ఇంజనీరింగ్ విద్యార్థిని. స్కూలు రోజుల నుంచి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాల్చేది, రాష్ట్ర స్థాయిలో నిలకడైన స్కోరు ఉండేది. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాక మన దగ్గర చాలామంది ఎయిర్ రైఫిల్ పిల్లలు పాయింట్ టూ టూ (.22 బోరు) రైఫిల్ వైపు చూడటం మొదలుపెట్టారు. ఈమె కూడా అలాగే వచ్చింది. మోకాలిమీద, బోర్లా, నిలబడి కాల్చే త్రీ పొజిషన్స్‌కు వెళ్లేముందు ప్రోన్, అంటే బోర్లా పడుకుని కాల్చే పద్ధతి, గట్టిపడాలని నిర్ణయించాం. ప్రోన్ విడి ఈవెంటుగా 2016 రియో తర్వాత ఒలింపిక్స్‌లో లేకపోయినా, జాతీయ పోటీల్లో ఉంది. పైగా గాలిని చదవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు. ఎందుకంటే ఇందులో శరీరం కదలిక అతి తక్కువ, కాబట్టి బయటి కారణాలు స్పష్టంగా బయటపడతాయి.

మేము ప్రాక్టీసు చేసే రేంజి దక్కన్ పీఠభూమి మీద, చుట్టూ ఖాళీ నేల ఉన్న చోట ఉంది. సూర్యుడు కళ్లలో పడకుండా చాలా రేంజిల మాదిరిగానే ఇది కూడా ఉత్తర ముఖంగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి షూటర్ ఎడమ చేతి వైపు నుంచి, లక్ష్యానికి అడ్డంగా వీస్తుంది. ఉదయం ఆరింటికి గాలిని చూపే జెండాలు వేలాడుతుంటాయి, తొమ్మిది దాటాక కొట్టుకోవడం మొదలవుతుంది.

సమస్య

గాలి లేని ఉదయాల్లో ఈమె 60 షాట్లకు, ఒక్కో షాట్‌కు గరిష్ఠంగా 10.9 ఇచ్చే దశాంశ లెక్కలో, 617 నుంచి 620 దాకా కొట్టేది. అదే వారంలో, అదే రైఫిల్‌తో, గాలి ఉన్న పూట 601 నుంచి 606 మధ్యకు పడిపోయేది. రాష్ట్ర పోటీలోనూ ఇదే జరిగింది. తేడా పదిహేను పాయింట్లంటే షాట్‌కు సగటున పావు పాయింటే. కానీ షాట్ల వారీగా చూస్తే నష్టం అలా సమంగా పంచుకోలేదు. నలభైకి పైగా షాట్లు ఉదయపు షాట్లలాగే ఉన్నాయి. నష్టమంతా ఓ పన్నెండు, పదిహేను షాట్లలోనే ఉంది, అవి తొమ్మిదుల్లోకి, అప్పుడప్పుడు ఎనిమిదుల్లోకి వెళ్లాయి. సగటు చూసి మందు వేసి ఉంటే ఎటూ తేలేది కాదు.

ఇక్కడ లెక్క కొంచెం చెప్పాలి. పోటీకి వాడే పాయింట్ టూ టూ బుల్లెట్ సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, లక్ష్యం చేరడానికి దాదాపు 0.16 సెకను పడుతుంది. అడ్డంగా వీచే గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో ఉంటే బుల్లెట్ దాదాపు 6, 7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. పది రింగు వ్యాసం 10.4 మి.మీ. రంధ్రం అంచు గీతను తాకినా పాయింటు వస్తుంది కనుక, బుల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి 8 మి.మీ. లోపల ఉంటే పది, ఆపైన ప్రతి 8 మి.మీ.కు ఒక రింగు తగ్గుతుంది. సెకనుకు 3 మీటర్ల గాలి, అంటే ముఖానికి తగిలి ఆకులు కదిలేంత గాలి, పట్టించుకోకుండా వదిలేస్తే పది కొట్టాల్సిన షాట్ ఎనిమిదిలో పడుతుంది. కాబట్టి గాలిని అనుమానించడంలో తప్పేమీ లేదు.

ముందు ప్రయత్నించినవి

మొదటి అనుమానం మందుగుండు మీద. ఇంట్లో వాళ్లూ అదే అన్నారు. దిగుమతి తూటాల ఖరీదు తక్కువ కాదు, అందువల్ల ఖర్చుపెట్టే ముందు పరీక్షించాలని బ్యారెల్‌ను బిగించి, గాలి లేని పూట వేర్వేరు లాట్‌ల (ఒకే విడతలో తయారైన తూటాల) నుంచి పదేసి షాట్ల గ్రూపులు తీశాం. ఒక లాట్ స్పష్టంగా చిన్న గ్రూపు ఇచ్చింది, దాన్నే తీసుకున్నాం. ఉదయపు స్కోరు ఒకటి రెండు పాయింట్లు పెరిగింది, గాలి పూట స్కోరు కూడా అంతే పెరిగింది. రెండింటి మధ్య తేడా మాత్రం కదలలేదు. మందుగుండు లోపమైతే ఉదయం కూడా కనిపించాలి, కాబట్టి మా సమస్యకు అది కారణం కాదని పక్కన పెట్టాం. ఆ పరీక్ష వృథా కాలేదు, రైఫిల్ మీద అనుమానం పూర్తిగా పోయింది.

రెండోది గాలి పట్టిక. పైన చెప్పిన లెక్క ప్రకారం గాలి వేగానికి ఎన్ని మి.మీ. జరుగుతుందో, అందుకు వెనుక సైటుకు (గురి చూసే పరికరానికి) ఎన్ని క్లిక్‌లు, అంటే సర్దుబాటు మెట్లు, తిప్పాలో ఒక అట్ట మీద రాసి, మ్యాట్ పక్కన పెట్టాం. కాగితం మీద పట్టిక సరైనదే. కానీ జెండాను చూసి అది సెకనుకు రెండు మీటర్లో మూడు మీటర్లో చెప్పగలిగేవారు అరుదు. ఈమె వేగం అంచనా వేయడానికే సమయమంతా పోగొట్టుకునేది, ఆలోగా గాలి మారిపోయేది. అట్ట తీసేశాం.

మూడోది క్లిక్‌లు తిప్పకుండా గురినే కాస్త ఎడమకు జరిపి కాల్చడం. పాత పద్ధతి ఓపెన్ సైటుతో కాల్చేవారికి ఇది అలవాటైన పని. కానీ ముందు సైటులో ఉండేది గుండ్రటి రింగు, అందులో నల్లటి లక్ష్యం నడుమన కూర్చోవాలి. కన్ను దాన్ని తనకు తెలియకుండానే మళ్లీ మధ్యకు తెచ్చుకుంటుంది. ఎంత జరిపానన్నది ఆమె ఒక్కసారి కూడా కచ్చితంగా చెప్పలేకపోయింది. అందువల్ల దీన్నీ ఆపేశాం.

ఈ మధ్యలో ఆమె తనంతట తాను చేస్తున్న నాలుగో పని ఒకటుంది, అది ప్రతి షాట్‌కు ముందు జెండా చూసి క్లిక్‌లు తిప్పడం. చూడటానికి ఇది చురుకుదనంలా ఉంటుంది. దాని ఫలితం ఏమిటో తర్వాత తెలిసింది.

షాట్లన్నీ ఒకే లక్ష్యం మీద వేసి చూసినప్పుడు

అప్పటిదాకా ప్రతి పోటీని విడిగా చూస్తున్నాం. ఎలక్ట్రానిక్ టార్గెట్ ప్రింట్లు దాచి ఉన్నాయి కాబట్టి, గాలి ఉన్న రోజుల్లో పదికి బయట పడిన షాట్లన్నిటినీ ఒకే కాగితం మీద, వరుస సంఖ్యతో సహా గుర్తుపెట్టాను. మూడు గుంపులు తేలాయి.

కుడివైపు కాస్త కిందికి ఉన్నది చిన్న గుంపు. ఇది ఊహించిందే. లోపలి గాడులు కుడివైపు మెలి తిరిగి ఉన్న బ్యారెల్‌లోంచి వచ్చిన బుల్లెట్‌ను ఎడమ నుంచి వీచే గాలి నేరుగా కుడికి కాక, గడియారంలో నాలుగు అంకె వైపు తోస్తుంది. గాలి పెరిగినప్పుడు పట్టించుకోకుండా కాల్చిన షాట్లివి.

ఎడమవైపు కాస్త పైకి, పది అంకె వైపు ఉన్నది పెద్ద గుంపు. గాలి కుడికి తోస్తుంటే షాట్లు ఎడమకు ఎందుకు వెళ్తాయి? సైటును గాలిలో సరిచేసుకుని, ఆపైన మరికొన్ని క్లిక్‌లు కూడా ఎడమకు తిప్పి, గాలి తగ్గిన క్షణంలో ట్రిగ్గర్ నొక్కితే అలా వెళ్తాయి. అంటే ఆమె ఎక్కువగా నష్టపోతున్నది గాలి ఉన్నప్పుడు కాదు, గాలి తగ్గినప్పుడు.

మూడో గుంపు నేరుగా కింద, ఆరు అంకె వైపు ఉంది. దీనికి ఏ గాలీ కారణం కాదు. పక్కనున్న వరుస సంఖ్యలు చూస్తే దాదాపు అన్నీ నలభయ్యో షాట్ తర్వాతివే. అలసట అనుకోవచ్చు. కానీ ఉదయం పూట అరవై షాట్లు కాల్చినా ఈ గుంపు ఎందుకు రాలేదన్నది ప్రశ్న. సమాధానం గడియారంలో ఉంది. గాలి లేని పూట ఎదురుచూడాల్సిన పని లేదు కాబట్టి ఆమె 35 నిమిషాల్లోపే ముగించేది. గాలి ఉన్నప్పుడు నిబంధనల ప్రకారం ఇచ్చే 50 నిమిషాలూ పడుకునే ఉండేది. అంటే ఆ పొజిషన్‌లో 35 నిమిషాల తర్వాత ఏదో మారుతోంది, అది గాలి ఉన్న రోజున మాత్రమే బయటపడుతోంది.

ఇది ఊహ మాత్రమే కాబట్టి పరీక్షించాం. గాలి లేని ఉదయాన, కావాలనే షాట్‌కు షాట్‌కు మధ్య ఆపుతూ 50 నిమిషాలు సాగదీయమన్నాను. ఎడమ గుంపు రాలేదు, కుడి గుంపు రాలేదు. చివరి పదిహేను నిమిషాల్లో కింది గుంపు మాత్రం వచ్చింది.

ఏది పనిచేసింది

కింది గుంపుతోనే మొదలుపెట్టాం, ఎందుకంటే అది పూర్తిగా మా చేతిలో ఉన్నది. శరీరం తప్పును సరిచేయకుండా గాలి నేర్పితే, కింద పడిన ప్రతి షాట్‌కూ ఆమె గాలిలోనే కారణం వెతుక్కుంటుంది.

షాట్ల మధ్యలో కళ్లు మూయించి, రెండు సార్లు ఊపిరి తీసి వదలమని, కళ్లు తెరిచి ముందు సైటు ఎక్కడ నిలిచిందో చెప్పమన్నాను. మొదట్లో నడుమనే ఉండేది. అరగంట తర్వాత నల్లటి లక్ష్యం కింది అంచుకు దిగిపోయేది. ఆమె దాన్ని కండబలంతో ఎత్తి నడుమకు తెచ్చి కాలుస్తోంది, ట్రిగ్గర్ దగ్గర కండ కాస్త సడలగానే షాట్ కిందికి పోతోంది. ఎడమ చేతికీ రైఫిల్‌కూ మధ్య బిగించే పట్టీ, అంటే స్లింగ్, పై అంచు వెంట జాకెట్ చేతి మీద సుద్దముక్కతో గీత గీశాను. గంట తర్వాత చూస్తే స్లింగ్ ఆ గీతకు రెండు వేళ్ల కిందికి జారి ఉంది. స్లింగ్ జారితే దాని బిగువు తగ్గుతుంది, రైఫిల్‌ను మోస్తున్న చేయి కుంగుతుంది.

జాకెట్ ఒక సీనియర్ దగ్గర తీసుకున్నది. స్లింగ్ జారకుండా చేతి మీద ఒక బటన్ పెట్టుకోవడానికి ప్రోన్‌లో నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ జాకెట్‌కు బటన్ ఉంది, కానీ పొడవు చేతుల మనిషి కోసం కుట్టింది కావడంతో ఈమెకు మరీ కింద ఉంది. చెమట పట్టాక స్లింగ్ బటన్ దాకా జారి అక్కడ ఆగేది. తోలు పని చేసే దర్జీ దగ్గర దాన్ని పైకి మార్చి కుట్టించాం. జాకెట్ పరికరాల తనిఖీలో దాటుతుందో లేదో ముందే కనుక్కున్నాం. ఇన్నాళ్లూ గాలి ఖాతాలో రాసిన నష్టంలో మూడో వంతు ఒక బటన్ దగ్గర ఉంది.

తర్వాత, 50 నిమిషాలు పడుకోవడానికి తగ్గట్టుగా మధ్యలో ఒక సర్దుబాటు పెట్టాలా అన్న చర్చ వచ్చింది. లేచి మళ్లీ పడుకుంటే కొత్త పొజిషన్ అవుతుంది, పోటీ షాట్లు మొదలయ్యాక సైటర్లు (గురి సరిచూసుకునే, లెక్కలోకి రాని షాట్లు) కాల్చే అవకాశం ఉండదు. ఆ ప్రమాదం వద్దనుకుని, ఎడమ మోచేయి కదలకుండా రైఫిల్ వెనుక కొసను (బట్) మాత్రం భుజం నుంచి దించి, చేతికి రక్తం ఆడనిచ్చి, మళ్లీ ఆనించి, కళ్లు మూసి గురి సరిచూసుకోవడం అలవాటు చేశాం. గాలి మారేదాకా ఎదురుచూసే సమయాన్నే దీనికి వాడుకుంది, విడిగా సమయం పోలేదు.

ఇక గాలి. ముందుగా షాట్ ఎక్కడికి వెళ్లిందో మానిటర్ చూడకుండా చెప్పడం నేర్పాను. మానిటర్ మీద తువ్వాలు కప్పి, వెనుక నుంచి నేను వేరే తెర చూసి రాసుకున్నాను. మొదట్లో ఆమె చెప్పేవన్నీ ఒకటే.

“మధ్యలోనే సార్.”

“అన్నీ మధ్యలోకే వెళ్తే తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందమ్మా? ట్రిగ్గర్ తెగిన క్షణంలో రింగు ఎటు ఉందో అది చెప్పు. ఎటు ఉండాలనుకున్నావో కాదు.”

కొన్ని వారాలకు “తొమ్మిది గంటల వైపు, పది పాయింట్ రెండు” అనేంత నిర్దిష్టత వచ్చింది. అప్పుడు నోటుపుస్తకంలో మూడు గడులు పెట్టాం: జెండా ఎలా ఉంది, ఆమె ఎక్కడ అన్నది, నిజంగా ఎక్కడ పడింది. రెండో గడి, మూడో గడి ఒకటే అయితే తప్పు షూటర్‌ది. రెండో గడి మంచిదై, మూడోది పక్కకు పోతే తప్పు గాలిది, అప్పుడు మొదటి గడి చూడాలి. ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసిన పని ఇదే. ప్రతి షాట్‌కూ జవాబుదారీ ఎవరో తేలడంతో ఆమెలో గాభరా తగ్గింది. నేను చెప్పి తగ్గించగలిగే గాభరా కాదు అది.

నోటుపుస్తకం రెండు వారాలు నిండాక ఇంకో విషయం బయటపడింది. జెండా గడికీ, షాట్ పడిన చోటికీ పొంతన సరిగా కుదరడం లేదు. ఏ జెండా చూస్తున్నావని అడిగితే, లక్ష్యానికి దగ్గరగా కనిపించేదని చెప్పింది. 50 మీటర్ల రేంజిలో జెండాలు ఫైరింగ్ లైన్ నుంచి 10 మీటర్ల దగ్గర ఒక వరుస, 30 మీటర్ల దగ్గర ఒక వరుస ఉంటాయి. స్కోపులో దూరపు జెండా చక్కగా కనిపిస్తుంది, కన్ను దాని మీదకే పోతుంది. కానీ బుల్లెట్‌ను బయలుదేరగానే గాలి ఎంత తోస్తే, ఆ వాలు మిగిలిన దారంతా దానితో వస్తుంది. లెక్క ప్రకారం అడ్డుగాలి అంతటా సమానంగా ఉంటే మొత్తం జరుగుదలలో దాదాపు ముప్పావు వంతు మొదటి 25 మీటర్ల గాలి వల్లే. దగ్గరి జెండాను రాయడం మొదలుపెట్టాక పొంతన కుదిరింది. వేగం అంకెల్లో కాకుండా జెండా తోక ఎక్కడిదాకా లేచిందో బొమ్మగా గీసుకుంది: వేలాడుతోందా, సగం లేచిందా, అడ్డంగా నిలిచి కొట్టుకుంటోందా. పట్టిక చేయలేని పనిని ఈ మూడు బొమ్మలు చేశాయి. ప్రాక్టీసులో మ్యాట్ ముందు ఒక రిబ్బను కట్టుకుందామన్న ఆలోచన వచ్చింది గానీ, పోటీలో సొంత గాలి సూచికలు పెట్టుకోనివ్వరు. పోటీలో లేనిదానికి కన్ను అలవాటు పడకూడదని దాన్ని వద్దన్నాను.

చివరిగా క్లిక్‌ల విషయం. ప్రతి షాట్‌కూ గాలి వెంట పరిగెత్తడం మాని, ఒక గాలిని ఎంచుకుని అందులోనే కాల్చాలన్నది నిర్ణయం. ఏ గాలిని ఎంచుకోవాలి? ఆమె మొగ్గు జెండా వేలాడే క్షణం వైపు. అది సహజం, కానీ మా రేంజిలో వర్షాకాలపు పదింటప్పుడు ఆ విరామం ఒక షాట్‌కు మించి నిలవదు. సగం లేచిన జెండా మూడు నాలుగు షాట్ల పాటు నిలుస్తుంది, మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. అందుకే సైటును ఆ గాలికి సరిచేసి, జెండా అలా ఉన్నప్పుడు చకచకా కాల్చి, మిగతా సమయంలో ఆగమన్నాను. షాట్‌కు అరనిమిషం చొప్పున 60 షాట్లకు 30 నిమిషాలు, ఆగడానికి 20 నిమిషాలు మిగులుతాయి. సైటర్ల సమయంలో మాత్రం వేలాడే జెండాలో ఒకటి రెండు, కొట్టుకునే జెండాలో ఒకటి రెండు కావాలనే కాల్చి, రెండు కొసలూ ఎక్కడ పడతాయో చూసుకుంటుంది. తప్పనిసరై వేరే గాలిలో కాల్చాల్సి వస్తే ఎన్ని క్లిక్‌లో అప్పుడే తెలిసి ఉంటుంది. ఎంచుకున్న గాలిలో, నమ్మకంగా చెప్పిన రెండు షాట్లు వరుసగా ఒకేవైపు పోతే తప్ప సైటు ముట్టుకోకూడదన్నది నియమం.

ఆగడం నేర్పితే ఎక్కువగా ఆగే ప్రమాదం ఉంది. ఒక పోటీలో చివరి షాట్లన్నీ హడావిడిగా కాల్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి 20 నిమిషాలు మిగిలేసరికి 40 షాట్లు అయిపోయి ఉండాలని, ఆపైన మిగిలిన షాట్లు మిగిలిన నిమిషాల కన్నా ఎక్కువ కాకూడదని కట్టుబాటు పెట్టాం. ప్రోన్‌లో లెక్క పెట్టుకోవడానికి ఇది సులువు.

ఫలితం, దాని హద్దులు

మరుసటి వర్షాకాలంలో అదే రేంజిలో, దాదాపు అలాంటి గాలిలో ఆమె స్కోరు 611 నుంచి 614 మధ్య నిలిచింది. ఉదయపు స్కోరు 621 దగ్గర ఉంది. తేడా పూర్తిగా పోలేదు, పోతుందని నేను అనుకోలేదు కూడా. కింది గుంపు దాదాపు మాయమైంది, ఎడమ గుంపు చాలా పలచబడింది, కుడి గుంపు కొద్దిగా మిగిలింది. జోనల్ పోటీలో వేరే ఊరి రేంజిలో కూడా ఇదే పద్ధతి పనికొచ్చింది, అయితే అక్కడ పక్క గోడ ఎత్తుగా ఉండటంతో దగ్గరి జెండా గోడ చాటున పడి నిద్రపోతున్నట్టు కనిపించింది. సైటర్లలో అది గమనించి, అక్కడికి మాత్రం 30 మీటర్ల జెండాను నమ్ముకుంది. ఏ జెండా నిజం చెబుతోందో ప్రతి రేంజిలో సైటర్లతో తేల్చుకోవాలి.

ఈ కేసు తర్వాత నా దగ్గరకు గాలి సమస్యతో వచ్చే ప్రతి షూటర్‌తోనూ మొదట గాలి లేని పూట పూర్తి 50 నిమిషాలు కాల్పిస్తున్నాను, ఆ తర్వాతే జెండాల మాట ఎత్తుతున్నాను. పాత ప్రింట్లు పారేయవద్దని తల్లిదండ్రులకు కూడా చెబుతున్నాను. షాట్ సంఖ్య లేని ప్రింటు మాకు సగం మాత్రమే ఉపయోగపడేది. ఆగి కాల్చే పద్ధతిని మాత్రం అందరికీ ఒకే మోతాదులో ఇవ్వను. గాలి ఏ వైపునా నిలవకుండా సుడి తిరిగే రేంజిలో ఎంచుకోవడానికి గాలే ఉండదు, అక్కడ క్లిక్‌లు వేగంగా తిప్పగలిగినవారే నయం. త్రీ పొజిషన్స్‌లో ఎదురుచూడటానికి మిగిలే సమయం కూడా తక్కువ.

మాకు ఇంకా లొంగనిది వెలుతురు. వర్షాకాలపు మబ్బు తొలగి ఎండ ఒక్కసారిగా లక్ష్యం మీద పడితే ఆమె షాట్లు ఎత్తు మారుతున్నాయి, జెండా ఎలా ఉన్నా సరే. నోటుపుస్తకంలో నాలుగో గడి పెట్టి ఎండ, మబ్బు రాస్తున్నాం. ముందు సైటు రింగును ఒక సైజు పెంచి, వెనుక సైటు ఫిల్టర్ మార్చి, ఒక్కొక్కటిగా పరీక్షిస్తున్నాం, రెండూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి. ప్రస్తుతానికి పెద్ద రింగుతో ఎత్తు తేడా కొంత తగ్గింది, ఫిల్టర్ పరీక్ష ఇంకా మొదలుపెట్టాలి.